పుష్యమాసమున సముద్రతీరము

పుష్యమాసపు ఉదయమున బాపట్ల సమీపమునగల సూర్యలంక తీరమున నడచిన, ఇసుక నిర్జీవము కాదని తెలియును.

అలలంచున పరుగిడు ఉల్లంకిపిట్టలలో కొన్ని జాతులు ఉత్తరధ్రువ ప్రాంతమున గ్రుడ్లు పెట్టి, వేలమైళ్లు ఎగిరివచ్చునవి. తడియిసుకలో ముక్కు గ్రుచ్చి, పురుగులను తినుచు, మరలిపోవుటకు బలము కూర్చుకొనును.

గట్టున మేకగిట్టవలె చీలిన ఆకులతో, ఊదాపూలతో బాలబందతీగ ప్రాకుచుండును. చెంతనే రావణాసురుని మీసములను ముండ్లగడ్డి. దాని గుండ్రని గింజలగుత్తి ఎండి, గాలికి చక్రమువలె దొర్లిపోవును. ఈ రెండును ఇసుకదిబ్బలను చెదరకుండ పట్టి నిలుపుచున్నవి.

పిల్లలు వేడుకకై పిట్టలను తఱుముదురు, తీగలను పెఱుకుదురు. తఱిమినప్పుడెల్ల పిట్ట బలము వృథా యగును. పెఱికినచోట ఇసుక కదలును. దూరమున నిలిచి చూచి ఆనందించుట వారికి నేర్పవలసినది మనమే.