బ్రెజిల్‌లో ట్రేడ్‌మార్క్: ముందు దరఖాస్తు చేసినవారిదే పేరు

అమెరికాలో రిజిస్టర్ చేయించిన పేరు ప్రపంచమంతటా మనదేనని చాలామంది అనుకుంటారు. కానీ ట్రేడ్‌మార్క్ హక్కు ఏ దేశానికి ఆ దేశానిదే. సొంత సాఫ్ట్‌వేర్‌నో, మరో సరుకునో బ్రెజిల్‌లో అమ్మాలనుకునే మనవాళ్ళు అక్కడి చట్టం గురించి కొంత తెలుసుకోవాలి.

బ్రెజిల్‌లో 1996 నాటి 9279వ నంబరు చట్టం ప్రకారం ఐ.ఎన్.పి.ఐ. అనే ప్రభుత్వ సంస్థ ట్రేడ్‌మార్కులను రిజిస్టర్ చేస్తుంది. అమెరికాలో పేరును ముందు వాడినవారికి హక్కు. బ్రెజిల్‌లో సాధారణంగా ముందు దరఖాస్తు చేసినవారికి. అప్పటికే కనీసం 6 నెలలుగా బ్రెజిల్‌లో ఆ పేరును నిజాయితీగా వాడుతున్నవారికి మాత్రం మినహాయింపు ఉంది.

యాపిల్ కంపెనీకే ఈ చిక్కు తప్పలేదు. దాని ఐఫోన్ 2007లో విడుదలైంది. గ్రాడియెంటె అనే బ్రెజిల్ కంపెనీ ‘ఐఫోన్’ మాట ఉన్న తన ట్రేడ్‌మార్క్‌కు 2000లోనే దరఖాస్తు చేసి, 2008లో రిజిస్ట్రేషన్ పొందింది. ఆ తగాదా ఏళ్ళ తరబడి కోర్టుల్లో నడిచింది.

గుర్తుంచుకోవలసిన విషయాలు:

- దరఖాస్తు ప్రచురించిన 60 రోజుల్లోపు ఇతరులు అభ్యంతరం చెప్పవచ్చు.
- రిజిస్ట్రేషన్ 10 ఏళ్ళు చెల్లుతుంది. ఆ తరువాత పదేసి ఏళ్ళకు పొడిగించుకోవచ్చు.
- వరుసగా 5 ఏళ్ళు వాడకపోతే రద్దు కోరే వీలుంది.
- 2019 అక్టోబరు నుంచి బ్రెజిల్ మాడ్రిడ్ ఒప్పందంలో ఉంది. కనుక అమెరికా లేదా ఇండియాలో మీకున్న దరఖాస్తు ఆధారంగా బ్రెజిల్‌నూ కోరవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం, అక్కడి డిస్ట్రిబ్యూటర్‌తో మాటలు మొదలుపెట్టే ముందే దరఖాస్తు చేయండి. అదీ మీ పేరు మీదే, అతని పేరు మీద కాదు.