ఎంతమంది ఉదహరించారు?



మా రుద్రూరులో చెరకు, వరి పరిశోధన కేంద్రం ఉంది. కొత్త వరి వంగడం వచ్చిందంటే ఇక్కడివాళ్ళం ముందు అడిగే మాట, "ఎంతమంది వేశారు?" అనే కదా! వైద్య పరిశోధనకు విలువ కట్టడానికీ ఇలాంటి లెక్కే ఒకటుంది. దాన్ని గురించి కాసేపు ముచ్చటించుకుందాం.

పరిశోధకులు ఏ వ్యాసం రాసినా, తమకు ఆధారమైన పాత వ్యాసాల పేర్లు చివర ఇస్తారు. అంటే వాటిని ఉదహరిస్తారన్నమాట. ఒక వ్యాసాన్ని తర్వాతివాళ్ళు ఎన్నిసార్లు ఉదహరించారో లెక్కించి దాని ప్రభావం అంచనా కడతారు. అమెరికాలో యూజీన్ గార్ఫీల్డ్ 1960లలో ఇందుకోసం పెద్ద సూచికనే తయారుచేయించారు.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1925లో ఫిస్క్‌తో కలిసి, భాస్వరం ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతి ప్రకటించారు. రక్తపరీక్షలకు పనికొచ్చే పద్ధతి కాబట్టి ఎన్నో ప్రయోగశాలలు వాడుకున్నాయి. ఆ వ్యాసాన్ని వేలసార్లు ఉదహరించారు. లెక్క ఇక్కడ నిజమే చెప్పింది.

కానీ, ఆరోగ్య కేంద్రంలో గర్భిణికిచ్చే ఐరన్ మాత్రలో ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. 1940లలో దాన్ని కృత్రిమంగా తయారుచేసింది సుబ్బారావుగారు నడిపించిన బృందమే. ఆ మాత్ర మింగే తల్లి ఎవరి వ్యాసాన్నీ ఉదహరించదు! ఆమెకు కలిగిన మేలు ఏ సూచికలోకీ ఎక్కదు.

ఇంకొకటి చూడండి. జొన్నలే ఆధారంగా బతికే దక్కను పేదల్లో పెల్లాగ్రా జబ్బు కనిపించేది. ఎండ తగిలినచోట చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది, విరేచనాలవుతాయి, మతి తప్పుతుంది. జొన్నల్లో ఎక్కువగా ఉండే ల్యూసిన్ దీనికొక కారణం కావచ్చని హైదరాబాదులో డాక్టర్ గోపాలన్, డాక్టర్ శ్రీకాంతయ్య 1960లో రాశారు. ఆ మాటను సమర్థించినవాళ్ళున్నారు, కాదన్నవాళ్ళూ ఉన్నారు. ఇద్దరూ ఉదహరించేది ఆ వ్యాసాన్నే. లెక్కలో మాత్రం అవునన్నా ఒకటే, కాదన్నా ఒకటే! తమ వ్యాసాన్ని తామే ఉదహరించుకున్నా అంకె పెరుగుతుంది.

పైగా, ఎక్కువమంది పనిచేసే జబ్బుకు ఉదహరింపులూ ఎక్కువే. ఈ అంకెలనే నమ్మి నిధులూ, ఉద్యోగాలూ పంచితే, పట్టించుకునేవాళ్ళు తక్కువైన పల్లె జబ్బులు వెనకబడిపోవూ?

అందుకే, ఎంతమంది వేశారో అడగడంలో తప్పులేదు గాని, గింజ ఇంటికొచ్చిందా, అన్నం ఎవరి కంచంలో పడింది అని కూడా అడగాలమ్మా. సెలవు.