మీకు తెలుసా? ఎక్కువ రెట్లు చూపేదే మంచి స్కోపు కాదు

కాకినాడ పక్కన కోరింగ అభయారణ్యంలో దూరపు పక్షులను చూడ్డానికి స్పాటింగ్ స్కోపు అనే దుర్భిణి వాడతారు. కొనేవాళ్లు ‘ఎన్ని రెట్లు?’ అని అడుగుతారు. అడగాల్సింది ముందున్న కటకం వెడల్పు. దాన్ని రెట్లతో భాగిస్తే కంటికి చేరే కాంతిపుంజం మందం తెలుస్తుంది: 80 మిల్లీమీటర్ల కటకానికి 20 రెట్ల వద్ద 4 మిల్లీమీటర్లు, 60 రెట్ల వద్ద 1.3 మాత్రమే. అంటే బొమ్మ పెరిగేకొద్దీ మసకబారుతుంది. దూరాన ఉన్న ఉల్లంకి పిట్టను గుర్తుపట్టాలంటే రెట్లు అక్కర్లేదా అనవచ్చు. కావాలి, కానీ ఎండెక్కాక బురదమేటల మీద ఆడే వేడిగాలి కదలికనూ స్కోపు అన్నే రెట్లు పెంచుతుంది. పొద్దున సముద్రపు పోటు పక్షులను ఒడ్డుకు చేర్చే వేళ, కదలని ట్రైపాడ్ మీద 25-30 రెట్లు చాలు. మిగిలే డబ్బు మంచి కటకానికీ, తేమ చొరబడకుండా నైట్రోజన్ నింపిన గొట్టానికీ పెట్టడమే మేలు.