పేరు వ్రాసిన ఫొటోలు, పేరు వ్రాయని ఫొటోలు

విశ్వాసి తీరిక వేళల్లో ఏమి చేయవచ్చు, ఏమి చేయకూడదు అని యౌవనస్థుల కూడికలలో మమ్మల్ని తరచుగా అడుగుతుంటారు. పాటలు, తోటపని, స్టాంపుల సేకరణ - వీటి విషయంలో ఎవరికీ పేచీ లేదు. ఫొటోలు తీయడం దగ్గరకు వచ్చేసరికి మాత్రం పెద్దలు కొందరు తల అడ్డంగా ఊపుతారు. డబ్బు దండగ, సమయం దండగ అంటారు. ఆరాధన జరుగుతుండగా కూడా కెమెరా పట్టుకొని తిరుగుతారని సణుగుతారు. ఆ చివరి మాటతో మేమూ ఏకీభవిస్తాము. వివాహ ప్రమాణాలు చెప్పిస్తుంటే కాపరికీ వధూవరులకూ మధ్యలోకి లైటు పట్టుకొని దూరేవారిని చూచి చూచి విసిగిపోయాము. ఆ సంగతి మరోసారి వ్రాస్తాము.

ఇప్పుడు చెప్పదలచినది జీతం కోసం కాక ఇష్టంతో కెమెరా పట్టిన ఒక క్రైస్తవ గృహిణి కథ. ఇంటి దగ్గర ఆమె తీసిన ఫొటోలకూ, సముద్రం దాటి వెళ్ళాక తీసిన ఫొటోలకూ ఒక తేడా ఉంది. ఆ తేడా మన ఇండ్లలోని ఆల్బములకూ, మన చేతుల్లోని ఫోనులకూ కూడా వర్తిస్తుంది.

జూలియా మార్గరెట్ కామెరాన్ 1815లో కలకత్తాలో జన్మించింది. తండ్రి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. 1838లో అదే ఊరిలో చార్లెస్ హే కామెరాన్‌ను వివాహమాడింది. ఆయన ఆమెకంటె ఇరవై ఏళ్ళు పెద్ద. న్యాయశాస్త్రంలో దిట్ట. 2024 వరకు మన దేశంలో అమలైన ఇండియన్ పీనల్ కోడ్‌కు మొదటి చిత్తుప్రతి తయారుచేసిన మెకాలే లా కమిషన్‌లో ఆయన కూడా పనిచేశాడు. 1848లో ఈ కుటుంబం ఇంగ్లండుకు వెళ్ళిపోయింది. 1860లో ఐల్ ఆఫ్ వైట్ అనే ద్వీపంలోని ఫ్రెష్‌వాటర్ పల్లెలో ప్రక్కప్రక్కనే ఉన్న రెండు ఇండ్లు కొని, ఒకటిగా కలిపి, సిలోనులో తమకున్న తోట పేరు దానికి పెట్టుకున్నారు. ఆ ఇల్లే డింబోలా.

ఆరుగురు కన్నబిడ్డలు, వారితోబాటు పెంచుకున్న పిల్లలు, వచ్చేపోయే అతిథులు. 1863 క్రిస్మస్ నాటికి ఆ సందడి తగ్గింది. కుమార్తెకు వివాహమైంది, భర్త తోటల పనిమీద సిలోనులో ఉన్నాడు. తల్లి ఒంటరిగా ఉంది, కాస్త కాలక్షేపంగా ఉంటుందని కుమార్తె, అల్లుడు ఒక కెమెరా కొని బహుమానంగా ఇచ్చారు. అప్పటికి ఆమెకు 48 ఏళ్ళు. మన ఇండ్లలో ఆ వయసు వచ్చేసరికి, ఇంకేమి నేర్చుకుంటాములే అని చేతులు ముడుచుకొని కూర్చుంటాము.

ఆ రోజుల్లో ఫొటో తీయడమంటే మీట నొక్కడం కాదు. గాజు పలకమీద కొలోడియన్ అనే జిగట ద్రవం సమంగా పోయాలి, సిల్వర్ నైట్రేటులో ముంచాలి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫొటో తీయాలి, తడి ఆరకముందే చీకటిగదిలో కడగాలి. ఒక్కచోట తడబడినా పలక పాడు. ఫొటోకు కూర్చున్నవారు మూడు నుండి ఏడు నిమిషాలవరకు కదలకుండా ఉండాలి. ఆమె బొగ్గులు వేసుకునే కొట్టును చీకటిగదిగా మార్చింది. అద్దాలు బిగించి ఉన్న కోళ్ళగూటిని ఖాళీ చేయించి స్టూడియో చేసుకుంది. కోళ్ళను కోసి కూర వండలేదనీ, వాటిని స్వేచ్ఛగా వదలిపెట్టామనీ ఆమే తన జ్ఞాపకాలలో వ్రాసుకుంది. ఒక్కొక్క ఫొటో కడగడానికి బావినుండి బిందెల కొద్దీ నీళ్ళు తోడించవలసి వచ్చేది. వ్రేళ్ళు నల్లబడ్డాయి. భోజనబల్లమీద పరచే బట్టలు మందు మరకలతో చెడిపోయాయి. ఇంత ఓర్పులేని కుటుంబమైతే తనను ఇంటినుండి వెళ్ళగొట్టేవారేనని ఆమే ఒప్పుకుంది.

ఆమె భర్తను గూర్చి ఇక్కడ ఒక మాట చెప్పాలి. సిలోనునుండి తిరిగివచ్చిన తరువాత ఆ వృద్ధుడు భోజనాల గదిలో కూర్చుని ఉండగా, ఆమె ఇంకా తడి ఆరని పలక పట్టుకొని పరుగెత్తుకొని వచ్చేది, నీటిచుక్కలు దారి పొడవునా కారుతుండేవి. ఆయన విసుక్కోకుండా ప్రతి పలకా చూచి మెచ్చుకునేవాడు. ఖర్చు సంగతి వేరు. సిలోను తోటల ఆదాయం పడిపోతున్న రోజులవి. ఫొటోలు అమ్మి ఇంటికి ఆసరా కావాలని ఆమె ఎంతో ఆశపడింది, అంత రాబడి రాలేదు. ఇంటి స్తోమత మించి ఆమె ఖర్చు పెట్టిందనే మేము అనుకుంటాము. భర్త సహనాన్ని చూపించి ప్రతి ఒక్కరూ అలా ఖర్చు చేయవచ్చునని చెప్పలేము.

అంతగా శ్రమపడి ఆమె ఎవరిని ఫొటో తీసింది? టెన్నిసన్ కవి ఆమెకు పొరుగువాడు. శాస్త్రవేత్త జాన్ హెర్షెల్, గ్రంథకర్త కార్లైల్, 1868లో ఫ్రెష్‌వాటర్‌కు వచ్చిన డార్విన్ ఆమె కెమెరా ముందు కూర్చున్నారు. అయితే వారికంటె ఎక్కువసార్లు కూర్చున్నది ఆ ఇంటి పనిమనిషి మేరీ హిల్లియర్. 1864లో ఈమె తీసిన తొమ్మిది ఫొటోల వరుసకు ఆత్మఫలములు అని పేరు. గలతీయులకు వ్రాసిన పత్రిక 5వ అధ్యాయము 22, 23 వచనాలలోని ప్రేమ, సంతోషము, సమాధానము మొదలుకొని ఆశానిగ్రహము వరకు ఒక్కొక్క ఫలానికి ఒక్కొక్క ఫొటో. మరియ తల్లి వేషంలో మేరీ హిల్లియర్, ఆమె ఒడిలో ఇరుగుపొరుగు పిల్లలు. 1865లో ఈ తొమ్మిదింటినీ బ్రిటిష్ మ్యూజియమునకు బహూకరించింది. చిత్రపటాల విషయంలో మనవారిలో కొందరికి అభ్యంతరముంటుందని తెలుసు. ఆమె వీటిని మ్రొక్కడానికి తీయలేదు. అంట్లు తోమి, తలుపు తీసే అమ్మాయి ముఖంలో దీర్ఘశాంతము, సాత్వికము కనబడతాయని ఆమె నమ్మింది. అందుకే తీసింది. ఊరివారు ఆ అమ్మాయిని మేరీ మడోనా అని పిలవడం మొదలుపెట్టారు.

మరో అమ్మాయి మేరీ రయాన్. లండను దగ్గర పట్నీ హీత్ అనేచోట తల్లితో కలిసి బిచ్చమెత్తుకుంటున్న ఐరిష్ పిల్ల. కామెరాన్ ఆ పిల్లను ఇంటికి తెచ్చుకొని, చదువు చెప్పించి, ఇంటి పనులలో ఉంచింది, ఫొటోలు తీసింది. 1865లో లండనులో జరిగిన ప్రదర్శనలో ఆ ఫొటో చూచిన ఒక యువకుడు 1867లో ఆమెను వివాహమాడాడు. అతడే హెన్రీ కాటన్. బెంగాలులో ఐ.సి.ఎస్. అధికారిగా ఉండి, అస్సాం చీఫ్ కమిషనరుగా పనిచేసి, 1904లో బొంబాయిలో జరిగిన భారత జాతీయ కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించిన ఆంగ్లేయుడు ఈయనే.

ఆ కాలపు ఫొటోగ్రాఫర్ల సంఘాలవారు ఆమె ఫొటోలు స్పష్టంగా లేవని, మసకగా ఉన్నాయని, గీతలు పడ్డాయని ఎగతాళి చేశారు. ఆమె లెక్కచేయలేదు. 1868లో సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియమువారు ఆమెకు రెండు గదులు ఇచ్చి ఫొటోలు తీసుకోనిచ్చారు.

ఇక ప్రయాణం సంగతి. 1869లో సిలోను కాఫీ తోటలకు ఆకుతెగులు తగిలింది. కాఫీమీద బ్రతికేవారందరూ క్రమంగా దెబ్బతిన్నారు. 1875లో కామెరాన్ దంపతులు డింబోలా విడిచి, కుమారులున్న సిలోనుకు ఓడ ఎక్కారు. ఆయనకు 80 ఏళ్ళు. వెళ్ళిన చోట శవపెట్టెలు దొరుకుతాయో లేదోనని రెండు పెట్టెలు వెంట తీసుకువెళ్ళారనీ, దారిలో వాటిని గాజు, పింగాణి సామానుతో నింపారనీ చెబుతారు.

సిలోనులోనూ ఆమె కెమెరా వదలలేదు. అయితే అక్కడ తీసినవాటిలో ఇప్పుడు మిగిలినవి ముప్పైకి లోపే. ఎండ వేడిమికి పలక తడి త్వరగా ఆరిపోతుంది, వయసు మీదపడింది. ఆ కొద్ది ఫొటోలలో తోటలలో, ఊళ్ళలో పనిచేసే తమిళులు, సింహళీయులు ఉన్నారు. ఫొటోలు గంభీరంగానే ఉన్నాయి, కళ్ళలోకి చూచే ముఖాలు. వాటిలో ఒకదానికి ఉన్న పేరు కళుతర రైతుల గుంపు అని. అంతే. ఎవరా రైతులు, ప్రక్కనున్న స్త్రీ ఎవరి భార్య, ఎవరి చెల్లెలు? ఎక్కడా లేదు. ఫ్రెష్‌వాటర్ పనిమనిషి పేరు, బిచ్చగత్తె బిడ్డ పేరు, ఒడిలో కూర్చున్న పసిపిల్లల పేర్లు నూట అరవై ఏళ్ళ తరువాత కూడా మనకు తెలుసు. ఇక్కడివారికి పేరు లేదు.

1877లో మేరియన్ నార్త్ అనే చిత్రకారిణి కళుతరలో వారి ఇంట బసచేసింది. కామెరాన్ ఒక మనిషి వీపు తీరు చూచి ముచ్చటపడి, అతనిని తోటమాలిగా పెట్టుకొమ్మని కుమారుని పట్టుబట్టిందనీ, ఆ ఇంటికి తోట లేదు, అతనికి తోటపని అంటే ఏమిటో తెలియదనీ నార్త్ వ్రాసింది. చదువుతుంటే నవ్వు వస్తుంది. కాని ఆ మనిషి మనకు ఒక వీపుగానే మిగిలిపోయాడు. భాష రాకపోవడం కారణం కావచ్చు. దొరలు కూలీల పేర్లు అడిగే కాలం కాదది. అయినా పనిమనిషి ముఖంలో ఆత్మఫలములు చూడగలిగిన స్త్రీ ఈ లోపానికి లోనైందంటే, మనలాంటివారి సంగతి ఏమిటి?

లూకా సువార్త 16వ అధ్యాయములో ప్రభువు చెప్పిన కథ చూడండి. ఊదారంగు బట్టలు కట్టుకున్న ధనవంతునికి పేరు లేదు. అతని వాకిట పడియున్న దరిద్రునికి లాజరు అని పేరుంది. వార్తాపత్రికలైతే దీనిని తలక్రిందులు చేసి వ్రాసేవి. మన సంఘాల వార్షిక నివేదికలు కూడా అలాగే వ్రాస్తున్నాయి. వేదికమీద పూలదండలతో కూర్చున్నవారి పేర్లు ఎడమనుండి కుడికి వరుసగా, బిరుదులతో సహా ఉంటాయి. క్రింద దుప్పట్లు అందుకుంటున్న వృద్ధుల ఫొటోకు లబ్ధిదారులు అని ఒక్క మాట. మన్యంలో సువార్తయాత్రకు వెళ్ళివచ్చిన యౌవనస్థులు వందల ఫొటోలు చూపిస్తారు. ఈ అమ్మ పేరేమిటి బాబూ అని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూచుకుంటారు. ఆమె పెట్టిన గంజి త్రాగి, ఆమె ఇంటి అరుగుమీద పడుకొని వచ్చినవారే. అడిగి తీశారా అంటే దానికీ జవాబు లేదు.

కెమెరా మానివేయమని మేము అనము. పేరు అడగడానికి పట్టే సమయం ఒక్క నిమిషము. వారి భాష రాకపోతే తెలిసినవారిని ప్రక్కన పెట్టుకోవాలి. వద్దంటే తీయకూడదు. తీసినది ఒక కాపీ వారికి చేరేలా చూడాలి. పేదవారి ఇంట్లో గోడకు తగిలించుకోవడానికి తల్లిదండ్రుల ఫొటో ఒక్కటైనా లేక, రేషన్ కార్డుమీది ఫొటోనే పెద్దది చేయించుకొని సమాధి కార్యక్రమానికి తెచ్చినవారిని మేము ఎరుగుదుము.

ఇంట్లో పాత ఆల్బములు ఉన్నవారికి మరొక మాట. అమ్మమ్మలు, తాతయ్యలు ఉండగానే వారి దగ్గర కూర్చుని ఒక్కొక్క ఫొటోలో ఎవరెవరున్నారో అడిగి వ్రాసుకోండి. వంటమనిషి, పాలేరు, మంత్రసాని, చర్చి గంట కొట్టే తాత - వీరి పేర్లు ముందు అడగండి, ముందుగా మరచిపోయేది వారినే. ఫొటో వెనుక బాల్‌పెన్నుతో వ్రాయకండి, నొక్కు ముందువైపుకు తేలుతుంది, సిరా అంటుకుంటుంది. మెత్తని పెన్సిలు వాడండి. క్రొత్తరకం నున్నటి కాగితంమీద పెన్సిలు పడదు, అప్పుడు ఫొటోను కవరులో పెట్టి కవరుమీద వ్రాయండి. ఫోనులో ఉన్నవాటికి ఆ రోజే పేరు, ఊరు చేర్చిపెట్టుకోండి.

కామెరాన్ 1879 జనవరిలో సిలోనులోనే మరణించింది, మరుసటి ఏడు ఆమె భర్త కూడా. బోగవంతలావలోని సెయింట్ మేరీస్ చర్చి ఆవరణలో ఇద్దరి సమాధులు ఉన్నాయి. రాతిమీద వారి పేర్లు చెక్కి ఉన్నాయి.