రిజెక్టెడ్ టేకాఫ్

రన్‌వేపై దూసుకెళ్తున్న విమానాన్ని గాల్లోకి లేపకుండా ఆపేయడమే రిజెక్టెడ్ టేకాఫ్. ఎంత వేగం వరకు ఆపొచ్చో చెప్పే హద్దు ‘వీ1’. బరువు, రన్‌వే పొడవు, గాలి, ఉష్ణోగ్రతలను బట్టి ప్రతిసారీ దీన్ని ముందే లెక్కగడతారు. అది దాటాక ఒక ఇంజిన్ ఆగినా ఎగరడమే క్షేమం. మిగిలిన ఇంజిన్‌తో పైకెక్కే సత్తా విమానానికి ఉంటుంది. అలా పైలట్ నిర్ణయానికి కొలత ఉంది. విమానం ఆగాక ప్రయాణికులు ఏం చేస్తారన్నదానికే కొలత లేదు, నా భయమూ అక్కడే.

2016 అక్టోబరు 28న షికాగో ఓహేర్ విమానాశ్రయంలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 767 కుడి ఇంజిన్‌లో టర్బైన్ డిస్కు పగిలి మంటలు లేచాయి. వీ1కి కాస్త ముందే కావడంతో పైలట్లు ఆపగలిగారు. లోపలున్న 170 మందీ బయటపడ్డారు. కానీ కిటికీ అవతల మంటలు కనిపిస్తున్నా, వద్దని సిబ్బంది అరుస్తున్నా, కొందరు బ్యాగులు పట్టుకునే కదిలారు. ఎడమ ఇంజిన్ ఇంకా తిరుగుతుండగానే జనం దిగడంతో, దాని గాలి విసురుకు ఒకరు తీవ్రంగా గాయపడ్డారు. ఇంజిన్ ఆపడం ప్రయాణికుల చేతిలో లేదు కాబట్టి తప్పంతా వాళ్లదే అనలేం. పాస్‌పోర్టు, మందులు బ్యాగులోనే ఉంటే ఎలా వదిలేస్తారన్న ప్రశ్నా న్యాయమైనదే. అయితే సగం తలుపులతోనే 90 సెకన్లలో అందరూ దిగగలరని నిరూపించాకే విమానానికి అనుమతి దక్కుతుంది. ఇరుకు నడవలో ఒకరు బ్యాగు కోసం ఆగితే, ఆ సెకన్లు పోయేది వెనక వరుసల వాళ్లకు. పై అరలకు తాళం వేయాలని కొందరంటారు. కానీ తెరుచుకోని అరతో పెనుగులాడేవాళ్లు దారికి మరింత అడ్డమవుతారు. అంతకన్నా, పాస్‌పోర్టు, మందులు జేబులో పెట్టుకోమని టేకాఫ్‌కు ముందే చెప్పడం మేలు.