స్కానింగ్‌లో జెల్ ఎందుకు?

గర్భిణికి స్కానింగ్ చేసే ముందు పొట్టమీద చల్లటి జెల్ రాస్తారు. చర్మానికి ఆనించి తిప్పే ప్రోబు సులువుగా జారడానికే అనుకుంటారు చాలామంది. అసలు కారణం ధ్వని తరంగాల నడకలో ఉంది.

తబలా మీద చెయ్యి పడగానే దాని చర్మం కంపిస్తుంది. పక్కనున్న గాలి అణువులు ముందువాటిని నెట్టి, తిరిగి తమ చోటికే వస్తాయి. మన చెవిదాకా వచ్చేది అణువు కాదు, ఆ ఒత్తిడి మాత్రమే. అదే ధ్వని తరంగం. నెట్టడానికి పదార్థం కావాలి కనుక శూన్యంలో ధ్వని ప్రయాణించదు. గాలిలో దాని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు, నీటిలో దాదాపు 1,500 మీటర్లు.

మన చెవికి అందేవి సెకనుకు 20 నుంచి 20,000 కంపనాల (హెర్ట్జ్‌ల) మధ్య ధ్వనులే. అంతకు మించినవి అతిధ్వనులు. స్కానింగ్‌లో వాడేవి సాధారణంగా 20 లక్షల నుంచి కోటిన్నర హెర్ట్జ్ దాకా ఉంటాయి. ఈ కంపనాల సంఖ్య, అంటే పౌనఃపున్యం, పెరిగేకొద్దీ బొమ్మ స్పష్టంగా వస్తుంది, కానీ తరంగం లోతుకు పోలేదు. అందుకే మెడలోని థైరాయిడ్‌కు ఎక్కువ పౌనఃపున్యం, పొట్టకు తక్కువ వాడతారు.

ప్రోబులోని స్ఫటికాలు విద్యుత్తు తగలగానే కంపించి అతిధ్వనిని పంపుతాయి. కణజాలం మారిన ప్రతిచోటా అందులో కొంత వెనక్కి వస్తుంది. ఆ ప్రతిధ్వనిని అవే స్ఫటికాలు మళ్లీ విద్యుత్తుగా మారుస్తాయి. శరీరంలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1,540 మీటర్లు. సెకనులో పది లక్షల వంతు ఒక మైక్రోసెకను. ప్రతిధ్వని 13 మైక్రోసెకన్లలో తిరిగొస్తే అది సెంటీమీటరు లోతు నుంచి వచ్చినట్టు. ఇలాంటి లెక్కలన్నీ కలిసి తెరమీద బొమ్మ అవుతాయి.

ప్రోబుకూ చర్మానికీ మధ్య సన్నని గాలిపొర ఉన్నా తరంగం దాదాపు మొత్తం అక్కడే వెనుదిరుగుతుంది. జెల్ ఆ గాలిని తొలగించి లోపలికి దారి ఇస్తుంది.

మొదటి ప్రపంచయుద్ధకాలంలో ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ లాంజెవిన్ జలాంతర్గాముల జాడ తీయడానికి ఈ ప్రతిధ్వని సూత్రాన్నే వాడారు. గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ బృందం 1958లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రచురించిన పరిశోధన దీన్ని ప్రసూతి వైద్యంలోకి తెచ్చింది. రైలు పట్టాల లోపలి పగుళ్లనూ ఇలాగే పట్టుకుంటారు.

ఈ స్కానింగ్‌లో ఎక్స్‌రే వికిరణం ఉండదు. గర్భిణుల విషయంలో బిడ్డ ఎదుగుదల, మాయ ఉన్న చోటు, ఉమ్మనీరు ఎంతుందో తెలుసుకోవడానికే దీన్ని వాడాలి. పుట్టబోయేది ఆడో మగో చెప్పడం, చెప్పమని అడగడం మన దేశంలో 1994 నాటి చట్టం ప్రకారం నేరం. డాక్టరును బిడ్డ ఆరోగ్యం గురించే అడగండి.