కోతులకు తిండి పెట్టుట - పైరుకు చేటు

మొక్కజొన్న పాలుపోసుకొను వేళ, వేరుశనగ కాయ ఊరు వేళ కోతుల మంద చేనిలో దిగినచో ఒక్క పూటలో ఎంత నష్టము కలుగునో మీకు వేరుగా చెప్పనక్కరలేదు. ఈ బెడద పడలేక వేరుశనగ, కూరగాయలు వేయుట మానుకొన్న రైతులు ఉన్నారు. కోతి ఊరికి ఏల మరిగినది? అడవులలో పండ్లచెట్లు తరుగుట ఒక కారణము. మనము చేజేతుల పెట్టు తిండి మరియొక కారణము. మొదటిదానిని రైతు ఒక్కడు సరిదిద్దలేడు. రెండవది మన చేతిలోనే ఉన్నది.

కోతి తిండి తీరు

కోతి ఒకే రకపు తిండిపై ఆధారపడదు. పండ్లు, చిగుళ్లు, గింజలు, పురుగులు, ఏది సులువుగా దొరికిన దానిని తినును. అడవిలో కడుపు నిండుటకు పగలు చాలసేపు వెదుకవలెను. రోడ్డు ప్రక్క పడవేసిన అరటిపండ్లతోనో, చెత్తకుప్పతోనో ఆ పని కొద్దిసేపటిలో తీరును. చేను కూడ దానికి అట్టి చోటే. పైగా దాని బుగ్గలలో సంచులున్నవి. వానిని గబగబ నింపుకొని, చెట్టెక్కి తీరికగా నమలును. కనుక మీరు వచ్చి కేక వేయులోపలనే నష్టము జరిగిపోవును.

ఆడకోతులు పుట్టిన మందలోనే జీవితమంతయు ఉండును. పిల్లలు తల్లుల వెంట తిరుగుచు తిండి దొరకు చోట్లను నేర్చుకొనును. ఒక తరము మరిగిన చోటును తరువాతి తరము సులభముగా విడువదు.

తిండి పెరిగిన మంద పెరుగును

1938లో మన దేశమునుండి 400కు పైగా ఎర్రమూతి కోతులను ప్యూర్టోరికో దగ్గరనున్న కాయో శాంటియాగో అను చిన్న దీవికి తీసికొనిపోయి విడిచిరి. అక్కడ పరిశోధకులు వానికి దాణా పెట్టుచున్నారు. నేడు ఆ దీవిలో కోతులు వేయికి మించి ఉన్నవి. మన ఊరి ప్రక్క జరుగునదియు ఇదియే. పుష్టిగా తిన్న తల్లి త్వరగా మరల ఈనును. మనిషి అన్న భయమును పోవును.

చేయవలసిన పనులు

1. రోడ్డు ప్రక్కను, గుడి వద్దను కోతులకు తిండి వేయరాదు. ఆంజనేయస్వామిపై భక్తిగలవారు ఆ పండ్లను ఆకలిగొన్న పేదలకు పంచవచ్చును.

2. ఇంటి చెత్తను, కుళ్లిన కూరగాయలను మూతగల గుంటలో వేయవలెను.

3. కోతి పైరు రుచి మరుగక ముందే, గింజ కట్టు దశ మొదటినుండి కాపలా పెట్టవలెను. ఇరుగుపొరుగు రైతులు వంతులు వేసికొనుట మేలు. ఒక్కరే తరిమిన మంద ప్రక్క చేనిలోనికి పోవును.

4. చేనిపైకి వంగిన చెట్ల కొమ్మలను నరుకవలెను.

5. అడవి అంచునగల భూములలో పసుపు, ఆముదము వంటి పైర్లను వేసి చూడవచ్చును. కోతులు వీనిని సాధారణముగా తక్కువగా ముట్టును.

చేయరాని పనులు

విషము పెట్టరాదు, అది కుక్కలకు, పశువులకు, పిల్లలకు కూడ ప్రాణాపాయము. చేని చుట్టు కరెంటు తీగ పెట్టరాదు. దానికి తగిలి మనుషులు చనిపోయిరి. కొండముచ్చును తెచ్చి కట్టివేసి కాపలా పెట్టుట చట్టవిరుద్ధము. కోతులను పట్టి వేరొక ఊరి ప్రక్క విడుచుట మన నష్టమును ఇంకొక రైతు నెత్తిన వేయుటయే. మంద మితిమీరినచో గ్రామపంచాయతీ ద్వారా అటవీశాఖవారికి తెలుపవలెను.

కోతి కరచినను, రక్కినను గాయమును వెంటనే సబ్బుతో, పారు నీటితో 15 నిమిషములు కడిగి, ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను.

తిండి మాన్పిన మరునాడే కోతులు పోవు. కొన్నాళ్లు మరింత అల్లరియు చేయవచ్చును. ఊరంతయు ఒక్కమాటపై నిలిచి, కాపలాను సడలింపక సాగించిననే ఫలితము కనబడును.